ఇటుక మట్టి తొక్కిన కాళ్లు

వేసవిలో వర్జీనియాలోని ఆరుబయలు చరిత్ర ప్రదర్శనశాల అయిన విలియమ్స్‌బర్గ్‌కు వెళితే, పిల్లలు చెప్పులు విడిచి పరుగెత్తేది ఇటుకలు చేసే ఆవరణలోకే. నానబెట్టిన బంకమట్టిని పిక్కల దాకా పులుముకుని తొక్కుతారు. ఆ మట్టినే అచ్చుల్లో పోసి, ఆరబెట్టి, ఆకులు రాలే కాలానికి కట్టెలతో బట్టీ కాలుస్తారు. వాషింగ్టన్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇది కారులో మూడు గంటల దూరం. గట్టున నిలబడి ఫోన్లలో ఫొటోలు తీసే అమ్మానాన్నల్లో మనవాళ్లూ కనిపిస్తుంటారు.

చరిత్రను అద్దాల బీరువాలోంచి ఆరుబయటికి తెచ్చిన ఆలోచన అమెరికాది కాదు, స్కాండినేవియాది. ఆర్తర్ హాజెలియస్ 1891లో స్టాక్‌హోమ్‌లో స్కాన్సెన్ తెరిచాడు. పల్లెటూళ్ల నుంచి పాత ఇళ్లను విప్పుకొచ్చి ఒక గుట్ట మీద మళ్లీ నిలబెట్టాడు.

విలియమ్స్‌బర్గ్ సంగతి వేరు, అక్కడ ఊరే ఉంది. 1699 నుంచి 1780 దాకా వర్జీనియా రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కు తరలిపోయాక ఊరు మగతలోకి జారింది. దాన్ని మళ్లీ లేపాలని కలగన్నది స్థానిక చర్చి మతాధికారి గుడ్విన్, డబ్బు పెట్టింది జాన్ రాక్‌ఫెల్లర్ జూనియర్. 1926లో పని మొదలైంది. పద్దెనిమిదో శతాబ్దపు భవనాలు ఎనభైకి పైగా బతికే ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన ఇళ్లను మాత్రం వందల్లో తొలగించారు. అవీ ఎవరో ఒకరి చరిత్రే కదా అని నాకనిపిస్తుంది. 1781లో కాలిపోయిన గవర్నర్ భవనాన్ని పాత పునాదుల మీదే మళ్లీ కట్టారు. దాని రూపురేఖలు ఎక్కడ దొరికాయి? ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో పడివున్న ఒక రాగిరేకు మీద, 1929లో.

ఆ తర్వాత కమ్మరి కొలిమి వచ్చింది, పాతకాలపు గౌన్లలో దారి చూపే మహిళలు వచ్చారు. దగ్గర్లోని జేమ్స్‌టౌన్‌లో 1957లో, ఆ ఊరు వెలసిన 350 ఏళ్ల పండుగకు, తొలి వలసదారుల మూడు ఓడల నమూనాలను కట్టారు.

అసలు మలుపు మసాచుసెట్స్‌లో. 1947లో మొదలైన వలసదారుల ఊరి నమూనా, ప్లిమత్ ప్లాంటేషన్‌లోకి జేమ్స్ డీట్జ్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు వచ్చాడు. ఇళ్లలోని ఖరీదైన పురాతన వస్తువులను తీసేయించి, వాడుకోదగ్గ నకళ్లు పెట్టించాడు. 'ముట్టుకోవద్దు' అన్న మాటకు పనిలేకుండా పోయింది. 1970ల చివరికి అక్కడి సిబ్బంది 1627 నాటి మనుషులుగానే మాట్లాడసాగారు. రైలు గురించి అడిగితే తెల్లమొహం వేస్తారు. పక్కనే వాంపనోగ్ ఆదివాసుల నివాసంలో మాత్రం ఈ నటన లేదు. అక్కడ పడవ తొలిచేవాళ్లు నిజమైన ఆదివాసులు, ఈనాటి మనుషులుగానే మాట్లాడతారు. 2020లో ఆ సంస్థ తన పేరులో ఆదివాసుల ఊరిపేరు పటక్సెట్‌ను చేర్చుకుంది.

విలియమ్స్‌బర్గ్ ఈ దారిలో ఆలస్యంగా నడిచింది. అమెరికా స్వాతంత్ర్య పోరాట కాలంలో ఆ ఊరి జనాభాలో సగం మంది నల్లవారు, దాదాపు అందరూ బానిసలు. వండింది, ఉతికింది, మట్టి తొక్కింది వాళ్లే. అయినా వాళ్ల పాత్రల్లో నల్లజాతి నటులు వీధిలోకి వచ్చింది 1979లో. 1994 అక్టోబరులో బానిసల వేలాన్ని నటించి చూపినప్పుడు పౌరహక్కుల సంఘాలు నిరసనకు దిగాయి. చూశాక నిరసనకారుల్లో ఒక నాయకుడు మనసు మార్చుకున్నాడు. వేలం మాత్రం మళ్లీ జరగలేదు.

అక్కడి వస్త్ర భాండాగారంలో మనవాళ్లు కాసేపు ఆగాల్సిన చోటొకటుంది. కోరమాండల్ తీరంలో చేత్తో అద్దకం వేసిన పలంపోరు దుప్పట్లు. కలంకారీ తెలిసిన కంటికి ఆ పూలచెట్టు కొత్తది కాదు. వలస రాజ్యాల్లో కలిగినవాళ్ల మంచాల మీద పరుచుకున్నది అలాంటి బట్టే.

ఇటీవలి సంగతి ఒక బడిది. నల్లజాతి పిల్లల కోసం 1760 నుంచి 1774 దాకా నడిచిన బ్రే పాఠశాల. చదువు నేర్పింది, దాంతోపాటే, బానిసత్వం దేవుడి ఏర్పాటని కూడా నేర్పింది. ఆ బడి కట్టడం ఏమైందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. స్థానిక కళాశాల ఆవరణలో రూపు మారిన ఒక తెల్లటి ఇంట్లోనే అది దాగి ఉంది. దూలాల్లోని వలయాలు లెక్కిస్తే చెట్లు నరికిన కాలం 1759-60 అని తేలింది. 2023 ఫిబ్రవరిలో ఆ ఇంటిని యథాతథంగా బండికెత్తి, మెల్లగా వీధుల వెంట పాత ఊళ్లోకి తరలించారు.