కారన్‌వాలిస్, ఛార్లెస్ (1738–1805)

ఇంగ్లిషు ప్రభువంశీకుడు, సేనాని, రెండుసార్లు బెంగాల్ గవర్నర్ జనరల్. లండన్‌లో 1738 డిసెంబరు 31న పుట్టాడు. ఈటన్‌లో చదివి, ట్యూరిన్‌లో సైనిక విద్య నేర్చాడు. 1762లో తండ్రి పోవడంతో ఎర్ల్ అయ్యాడు. అమెరికా వలసల మీద పెత్తనం చాటే చట్టాన్ని పార్లమెంటులో వ్యతిరేకించిన కొద్దిమంది ప్రభువుల్లో ఇతడొకడు. తీరా ఆ వలసల మీదికే సేన నడిపి, 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో లొంగిపోయాడు. కత్తి అప్పగించే వేళ ఒంట్లో బాగాలేదని తన కింది సేనాని ఓహారాను పంపాడు. జబ్బు నిజమేనన్న వాదన ఉన్నా, సాకు అన్న మాటకే బలం ఎక్కువ.

గవర్నర్ జనరల్‌గా తెలుగునాటితో ఇతడి సంబంధం గుంటూరుతో మొదలైంది. 1768 ఒప్పందం ప్రకారం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ తదనంతరం ఆ సర్కారు కుంఫిణీకి (ఈస్టిండియా కంపెనీకి) చెందాలి. అతడు 1782లో చనిపోయినా నిజాం అలీఖాన్ ఇవ్వలేదు. కారన్‌వాలిస్ పట్టుబట్టి 1788లో రాబట్టాడు. నిజాం పక్షాన మీర్ ఆలం కలకత్తా వెళ్లి, బదులుగా సైనిక సాయం అడిగాడు. 1789 జులై 7 నాటి లేఖలో కారన్‌వాలిస్ అందుకు ఒప్పుకుంటూనే, ఆ సేనను ఎవరెవరి మీద వాడకూడదో పేర్లు రాశాడు. ఆ జాబితాలో మైసూరు పాలకుడు టిప్పు లేడు! మూడో మైసూరు యుద్ధానికి టిప్పు తిరువాన్కూరు మీద పడటమే కారణమని కుంఫిణీ పక్షం రాసుకుంది. ఈ లేఖను పక్కనపెట్టి ఆ కథ చెప్పడం కష్టం.

1791లో బెంగుళూరు పట్టుకున్నాడు. శ్రీరంగపట్నం దాకా వెళ్లినా తిండిగింజలు, ఎడ్లు కరువై, భారీ ఫిరంగులను ధ్వంసం చేసి వెనుదిరిగాడు. మరుసటి ఏడు మళ్లీ ముట్టడించాడు. టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు. ఇద్దరు కొడుకులను పూచీగా పంపాడు. టిప్పును మరీ తేలిగ్గా వదిలారని కుంఫిణీ సైనికాధికారి థామస్ మన్రో తన ఉత్తరాల్లో విసుక్కున్నాడు. కడప ప్రాంతం నిజాం వాటాకు వచ్చింది. 1800లో నిజాం వదిలిన దత్తమండలాల్లో భాగంగా కుంఫిణీకే చేరింది.

బెంగాల్లో 1793లో ఇతడు తెచ్చిన శాశ్వత శిస్తు పద్ధతిని మద్రాసు ప్రభుత్వం 1802 నుంచి ఉత్తర సర్కారులకు తెచ్చింది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం జమీందారులు కట్టాల్సిన పేష్కషు (శిస్తు) ఖాయమైంది. ప్రభుత్వం చేతిలోని హవేలీ భూములను ముఠాలుగా (చిన్న ఎస్టేట్లుగా) విడగొట్టి వేలం వేశారు. పాడుకున్నవారిలో చాలామంది బాకీ కట్టలేక చేతులెత్తేశారు. విచిత్రమేమంటే, దీనికి పోటీగా నిలిచిన, రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకునే రైత్వారీకీ బీజం పడింది ఇతడి హయాంలోనే. టిప్పు నుంచి వచ్చిన బారామహల్‌కు ఇతడు పంపిన రీడ్, మన్రోలే ఆ పద్ధతికి ఆద్యులు. మన్రో దాన్ని తర్వాత దత్తమండలాల్లో పాదుకొల్పాడు. కోస్తాలో జమీందారీ, సీమలో రైత్వారీ అన్న తేడా మూలాలు ఇక్కడివే.

1805లో రెండోసారి వచ్చి, అక్టోబరు 5న ఘాజీపూర్‌లో చనిపోయాడు. మద్రాసు తేనాంపేటలోని సెనోటాఫ్ రోడ్డుకు ఆ పేరు ఇతడి స్మారకం వల్లే వచ్చింది.

ఇతడి శిస్తు పద్ధతి నిలబెట్టిన జమీందారు లేనిదే తెలుగు తెరకూ పొద్దుపోలేదు. ‘మూగమనసులు’ (1964) నాయిక జమీందారు కూతురే. ఆ వ్యవస్థనే నిలదీసింది గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ (1939). బళ్లారి రాఘవ నటించిన ఆ చిత్రం జమీందారుల ఆగ్రహానికి గురై నిషేధాన్నీ చవిచూసింది. 1948లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో జమీందారీలు రద్దయి, ఆ భూములు రైత్వారీలోకి మారాయి.