ఊదే ఎలక్ట్రానిక్ వాద్యం: అమరిక, సంరక్షణ

కీబోర్డు, తబలా, ప్యాడ్‌లకు తోడుగా ఊదే ఎలక్ట్రానిక్ వాద్యం కొనాలని ఆలోచించే మంచిర్యాల ప్రాంత సంఘాల కోసం ఈ వివరాలు ఇస్తున్నాము. ఒక్క వాద్యంలోనే వేణువు, క్లారినెట్, శాక్సఫోన్ స్వరాలు పలుకుతాయి. అయితే అది సంఘం పాటను నడిపించాలే గాని, మింగేయకూడదు.

ట్రంపెట్ వాద్యకారుడైన నైల్ స్టైనర్ రూపొందించిన ఈ తరహా వాద్యాన్ని అకాయ్ సంస్థ 1987లో మార్కెట్లోకి తెచ్చింది. యమహా డబ్ల్యూఎక్స్7 కూడా ఆ ఏడాదిదే. రోలాండ్ ఏరోఫోన్ 2016లో వచ్చింది. వీటిలో మన ఊపిరి నేరుగా శబ్దం కాదు. లోపలి సెన్సార్ ఊపిరి ఒత్తిడిని కొలుస్తుంది, వేళ్లు స్వరాన్ని ఎంచుతాయి, శబ్దాన్ని యంత్రం పుట్టిస్తుంది.

ముందుగా మిక్సర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి కేబుల్ కలపాలి. వాద్యాన్ని ఆన్ చేశాక, యాంప్లిఫయర్‌ను చివరగా ఆన్ చేయాలి. ఆపేటప్పుడు యాంప్లిఫయరే ముందు. ఆన్ చేసే క్షణంలో వాద్యాన్ని నోట్లో పెట్టుకోకపోవడం మంచిది. ఊదకుండానే శబ్దం వస్తుంటే సెన్సార్ సున్నితత్వం తగ్గించాలి. గట్టిగా ఊదితే గాని పలకకపోతే పెంచాలి. అకాయ్ వాద్యాల్లో మీటలు కదలవు, వేలి స్పర్శనే గుర్తిస్తాయి. బొటనవేలు లోహపు పలకపై ఆనకపోతే స్వరాలు తడబడతాయి.

శ్రుతిని వాయించేవారి సౌకర్యాన్ని బట్టి కాక, సంఘం గొంతును బట్టి నిర్ణయించాలి. ట్రాన్స్‌పోజ్ సదుపాయంతో వేళ్ల పద్ధతి మార్చకుండానే స్కేల్ మార్చవచ్చు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో అనేక పాటలపై రాగతాళాలు ముద్రించి ఉంటాయి. గమకాలు పలికించాలంటే పిచ్ బెండ్‌ను కొద్దిగా, సాధన చేసి వాడాలి. ఆరాధనలో వెనుక వరుసలోని పెద్దమ్మ గొంతు ఆమె పక్కవారికి వినబడుతోందా అని ఒకరు వెనుక నిలబడి చూసుకోవాలి.

వాయించాక మౌత్‌పీస్ విడదీసి, గోరువెచ్చని నీటితో, కొద్దిపాటి సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. వాద్యానికి మాత్రం నీరు తగలకూడదు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు, థిన్నర్ వంటివి వద్దు. లోపల చేరిన ఊపిరి తేమ కారిపోయేలా వాద్యాన్ని కాసేపు నిలువుగా పట్టుకోవాలి. ఇద్దరు ముగ్గురు వాయించేచోట ఎవరి మౌత్‌పీస్ వారికి ఉండాలి. దగ్గు, జలుబు ఉన్నవారు ఆ వారం ఆగడం ప్రేమగల పని.

గోదావరి ఒడ్డున, బొగ్గు గనుల మధ్య ఉన్న మన ప్రాంతంలో ఎండ, దుమ్ము రెండూ ఎక్కువే. మే నెలలో రేకుల షెడ్డులో గాని, మూసిన కారులో గాని వాద్యాన్ని వదలకూడదు. బ్యాటరీ పాడవుతుంది. వర్షాకాలంలో పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఉంచాలి. విడి బ్యాటరీలు వాడే మోడల్ అయితే, చాలా రోజులు వాయించనప్పుడు వాటిని తీసేయాలి. కంపెనీ చెప్పిన అడాప్టరే వాడాలి.

కానుక సంచిలో వేసిన కూలి డబ్బుతో కొన్న వస్తువు అది. దానిని కాపాడటం కూడా గృహనిర్వాహకత్వమే. కాబట్టి బాధ్యత ఒకరికి అప్పగించి, శుభ్రం చేసిన తేదీని పుస్తకంలో రాయించండి. ఊపిరి దేవుడిచ్చినది. ఆ ఊపిరితో పలికే వాద్యం సంఘమంతటి స్తుతికి తోడవ్వాలని మా ప్రార్థన.