ముందు 32, వెనక 40

పాత నల్ల గెంట్స్ సైకిలుకి ముందు చక్రంలో 32 పుల్లలుంటాయి, వెనక చక్రంలో 40. ఛత్తీస్‌గఢ్‌లోని ఎర్రబోరులో పెద్ద రోడ్డు పక్కన చక్రం బెండు తీస్తున్న మేస్త్రి ఏ పుల్ల ఏ చక్రానిదో వేరుచేసి పెట్టుకుంటూ, మాటల మధ్యలో ఈ సంగతి చెప్పాడు. వంగి లెక్కపెట్టాను. సరిగ్గా అంతే. పక్కన నిలబెట్టిన ఇంకో సైకిలుకీ అంతే. ఆ పూట నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ప్రతి ఊళ్లోనూ గోడకి ఆనించి కనిపించే వస్తువులో ఇంత చక్కని లెక్క ఉందన్నమాట!

దాని వెనక తర్కం తేలికే. సీటు మీద నిటారుగా కూర్చుంటే మనిషి బరువులో సగానికి మించి వెనక చక్రం మీదే పడుతుంది. క్యారేజీ మీద మూట ఎక్కితే ఇక చెప్పక్కర్లేదు. పైగా చైను లాగేది కూడా ఆ చక్రాన్నే. అందుకని ఇంగ్లండులో సైకిళ్లు చేసేవాళ్లు ముందు చక్రానికి కొన్ని తగ్గించి వెనకదానికి ఇచ్చారు. అమెరికాలోనూ, యూరపులో చాలా చోట్లా ముందూ వెనకా 36 చొప్పున సమానంగా బిగించే ఆనవాయితీ స్థిరపడింది. రెండు పద్ధతుల్లోనూ కూడి చూడండి, 72 వస్తుంది. అవే పుల్లలు, పంపకంలోనే తేడా. సమానంగా పంచినవాళ్లు తొక్కే మనిషిని తలుచుకుని పంచారనీ, 32–40గా పంచినవాళ్లు మోసే మనిషిని తలుచుకుని పంచారనీ నాకనిపిస్తుంది.

ఆ పుల్లల జాడ పట్టుకుని వెనక్కి వెళ్తే జర్మనీలోని మాన్‌హైమ్ తగులుతుంది. 1817లో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన రెండు చెక్క చక్రాల్ని ఒకదాని వెనక ఒకటి బిగించి, మధ్యలో కూర్చుని, కాళ్లతో నేలని తన్నుకుంటూ పోయాడు. పెడళ్లు లేవు. అంతకు రెండేళ్ల ముందు, 1815లో, ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. దాని ధూళి వల్ల 1816లో యూరపుకి ఎండాకాలమే రాలేదు, పంటలు పోయాయి. గుర్రాలకి దాణా దొరక్కపోవడమే డ్రైస్ బండికి ప్రేరణ అని హాన్స్ ఎర్హార్డ్ లెస్సింగ్ అనే చరిత్రకారుడు వాదించాడు. అందరూ ఒప్పుకోలేదు గానీ, ఎక్కడో సముద్రాల అవతల పేలిన కొండకీ మన సైకిలుకీ చుట్టరికం కలపడం నాకు మహా ఇష్టమైన ఊహ.

1860లలో పారిస్‌లో ముందు చక్రానికే పెడళ్లు తగిలించారు. చక్రాలు మాత్రం ఇంకా ఎడ్లబండి తరహావే: చెక్క ఆకులు, పైన ఇనప పట్టా. 1869లో అదే పారిస్‌లో యూజెన్ మేయర్ తీగ పుల్లలతో చక్రం కట్టాడు. ఆలోచిస్తే ఇది అసాధ్యంగా కనిపించే పని. సన్నటి తీగ బరువు పెడితే వంగిపోతుంది కదా? అవును, కానీ లాగితే తెగదు. అన్ని వైపుల నుంచీ సమానంగా లాగి బిగిస్తే, నులక మంచం మనిషిని మోసినట్టు, తీగలన్నీ కలిసి బరువు మోస్తాయి. ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1874లో ఇంకో మెట్టు ఎక్కాడు. పుల్లల్ని ఇరుసు నుంచి తిన్నగా కాకుండా ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటేలా అల్లాడు. తొక్కే బలం ఇరుసు నుంచి రిమ్ముకి జారిపోకుండా చేరింది. ఎర్రబోరు మేస్త్రి వేళ్లు కదిలేది ఆ అల్లిక మీదే. జేమ్స్ స్టార్లీ సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ 1885లో రోవర్ సైకిలు తెచ్చాడు: దాదాపు సమానమైన చక్రాలు, వెనక చక్రానికి చైను. 1887–88లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కోసం గాలి టైరు తయారుచేశాడు. అక్కడితో ముఖ్యమైన అవయవాలన్నీ కుదిరాయి.

ఆ రోవర్ సంతానంలోదే మన గెంట్స్ సైకిలు. దాన్ని మొరటుదని, పాతకాలందని తీసిపారేసేవాళ్లంటే నాకు కోపం. దాని బ్రేకు చూడండి. హ్యాండిల్ నుంచి ఇనప కడ్డీలు దిగి, కట్టెల్ని రిమ్ము లోపలి వైపు, అంటే పుల్లల వైపు నుంచి ఒత్తుతాయి. కొత్త రకం బ్రేకు రిమ్ముని రెండు పక్కల నుంచి పట్టుకుంటుంది. చక్రం కాస్త బెండు పోయిందంటే కొత్త బ్రేకు రాసుకుంటూనే ఉంటుంది, కడ్డీ బ్రేకు మాత్రం పట్టించుకోదు. గుంతల దారిలో చక్రం బెండు పోవడం రోజువారీ సంగతి కనక ఈ తేడా చిన్నది కాదు. కొత్త బ్రేకు వైరు తెగుతుంది, కడ్డీ తెగదు. చైను మీద నిండు మూత ఉంటే ఎర్రమట్టి బురద లోపలికి పోదు. ముందు ఫోర్కు బాగా వాలుగా ఉంటుంది, చక్రాల మధ్య ఎడం ఎక్కువ, అందుకని గతుకుల్లో కుదుపు తగ్గుతుంది. టైరు సైజు 28 × 1½. పుట్టిన ఇంగ్లండులో ఈ సైజు వాడుక నుంచి దాదాపు తప్పుకుంది. ఇక్కడ సంతలో కూడా దొరుకుతుంది.

రేసు సైకిలు పూర్తిగా వేరే జాతి. హ్యాండిల్ కిందికి వంచి మనిషిని ముందుకు పడుకోబెడతారు, గాలి తగలకుండా. బరువు రెండు చక్రాల మీదికీ సర్దుకుంటుంది, పుల్లలు తగ్గిస్తారు, టైరు బొటనవేలంత సన్నం చేస్తారు. నున్నటి రోడ్డు మీద దానికి సాటి లేదు. దాని మీద బియ్యం బస్తా పెట్టిన రోజు దాని కథ ముగుస్తుంది.

మన దేశానికి మొదట వచ్చినవాటిలో ఎక్కువ ఇంగ్లండు సరుకే. ర్యాలీ, హంబర్, హెర్క్యులీస్, బీఎస్ఏ. బీఎస్ఏ అసలు బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసే కంపెనీ, మూడు తుపాకులు ఆనించిన గుర్తు సైకిలు మీదా ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, ఆసన్సోల్‌లో సెన్ ర్యాలీ, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. కంపెనీలు మారాయి, పేర్లు మారాయి, 32–40 మారలేదు. 1986 నాటికి హీరో ప్రపంచంలోనే అతి ఎక్కువ సైకిళ్లు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకెక్కింది.

1950 నుంచి 1985 దాకా తెలుగు ఊళ్లలో సైకిలు అనుభవించిన వైభవం గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. అల్లుడికి పెట్టే లాంఛనాల్లో వాచీ, రేడియో పక్కన సైకిలు ఉండేది. అది ఇవ్వలేదని అలిగిన పెళ్లికొడుకుల కథలు లేని ఊరు లేదు. మున్సిపాలిటీ ఏటా పన్ను కట్టించుకుని ఒక బిళ్ల ఇచ్చేది, అది సైకిలుకి తగిలించుకోవాలి. చీకటి పడ్డాక దీపం లేకుండా తొక్కితే పోలీసు ఆపేవాడు, డబుల్స్ ఎక్కించుకుంటే ఆపేవాడు. మొదట కిరోసిన్ దీపాలు, తర్వాత టైరుకి రాసుకుంటూ తిరిగే డైనమో. గంటకింతని అద్దెకిచ్చే షాపులో సైకిళ్ల మడ్‌గార్డుల మీద నంబర్లు రాసి ఉండేవి. సీటు అందని పిల్లలు బారు కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకి వేలాడుతూ, సగం తొక్కు తొక్కుతూ నేర్చుకునేవాళ్లు. మోకాలి మీద ఆ మచ్చ లేనివాళ్లు ఆ తరంలో తక్కువ.

ఇంకో విచిత్రం ఉండేది. ఊరి మధ్య ఖాళీ జాగాలో ఒక మనిషి సైకిలు దిగకుండా వారం రోజులు గుండ్రంగా తొక్కేవాడు. దాని మీదే తిండి, దాని మీదే స్నానం. సాయంత్రమైతే మైకులో పాటలు, హ్యాండిల్ వదిలి విన్యాసాలు, ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టుకోవడం. ఊరివాళ్లు అతని చొక్కాకి రూపాయి నోట్లు పిన్నుతో గుచ్చేవాళ్లు. ఆఖరి రోజు దండలు వేసి దింపేవాళ్లు. ఏ పతకాల పట్టికలోనూ లేని ఆ ఆటగాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. తెలుగు క్రీడల చరిత్రలో అదొక పెద్ద లోటు అని నా గట్టి నమ్మకం.

బతుకుతెరువుకి సైకిలు తీసుకున్న రూపాలు లెక్కలేనన్ని. గీత కార్మికుడి సైకిలుకి కల్లు కుండలు, పాలవాడి సైకిలుకి క్యాన్లు, వెనక చెక్కపెట్టెతో ఐస్‌ఫ్రూట్ సైకిలు. కత్తులు సానపట్టే అతను స్టాండు వేసి సీటు మీదే కూర్చుని తొక్కుతుంటే బండి కదలదు, సానరాయి తిరుగుతుంది. రాజకీయాల్లోనూ సైకిలు కనిపించేది. 1952లో రాజ్యసభకి ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకి సైకిలు మీదే వెళ్లారు. ఎర్రబోరుకి పడమటి వైపు, గోదావరి దాటాక, ఇల్లెందు నుంచి అయిదుసార్లు ఎమ్మెల్యే అయిన గుమ్మడి నర్సయ్య సైకిలు మీద తిరిగిన మనిషిగానే జనానికి గుర్తు.

ఎర్రబోరు జగదల్‌పూర్ నుంచి సుక్మా, దోర్నపాల్ మీదుగా కుంటకి దిగే దారిలో ఉంది. కుంట దాటితే చింతూరు, ఇంకా కిందికి భద్రాచలం. శబరి పక్కనే పారుతుంది. ఇక్కడ దోర్లా, గోండీ, హల్బీ, హిందీ, తెలుగు అన్నీ వినిపిస్తాయి. 2005లో మావోయిస్టులకి వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఈ రోడ్డు పొడుగునా శిబిరాలు వెలిశాయి. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేశారు, ముప్ఫైమందికి పైగా చనిపోయారు. ఆ ఏళ్లలో అడవి లోపలి దారులు చాలాచోట్ల తవ్వేసి ఉండేవి. గోతి దగ్గర జీపు ఆగిపోతుంది. సైకిలుని మాత్రం భుజాన వేసుకుని అవతలికి దాటించి, మళ్లీ మూట కట్టుకోవచ్చు. రేషను బియ్యం, ఉప్పు, నూనె, ఇప్పపువ్వు, చింతపండు అలాగే కదిలాయి. బండి ఎక్కి తొక్కడం తక్కువ, పక్కన నడుస్తూ తోయడం ఎక్కువ.

సైకిలుని తోసుకెళ్లడం కూడా ఒక విద్యే. 1954లో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని చుట్టుముట్టిన వియత్నామీలు కొండదారుల్లో సైకిళ్ల మీద రెండేసి వందల కిలోల సరుకు తోసుకెళ్లారు. హ్యాండిల్‌కి ఒక వెదురు కర్ర పొడుగ్గా కట్టి దాంతో దారి తిప్పేవాళ్లు, సీటు దగ్గర ఇంకో కర్ర నిలువుగా కట్టి దాంతో తోసేవాళ్లు. వాటిలో చాలా సైకిళ్లు ఫ్రాన్సులో చేసినవే. ఈనాటికీ జార్ఖండులో బొగ్గు బస్తాలు వేలాడదీసి సైకిలు తోసే కూలీలు అలాంటి భారమే మోస్తున్నారు.

బరువు మోసేవాళ్ల కోసమే పైన ఒక బారు చాలదని రెండో బారు అతికించిన సైకిలు వచ్చింది. రెండు బార్ల మధ్య గోనెసంచి ఇరికించొచ్చు, పైన పిల్లాణ్ని కూర్చోబెట్టొచ్చు. లేడీస్ సైకిలు దారి వేరు. యూరపులో గౌన్లు అడ్డం రాకుండా పై బారు తీసేసి, ఫ్రేము బలం తగ్గకుండా కింద గొట్టాలు సర్దారు. మన దగ్గర అదే చీరకీ పరికిణీకీ పనికొచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో సరస్వతీ సైకిల్ యోజన కింద తొమ్మిదో తరగతిలో అర్హులైన ఆడపిల్లలకి ఉచితంగా సైకిళ్లిస్తున్నారు. ఇలాంటి పథకమే 2006లో బీహారులో మొదలైతే, కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య దాదాపు మూడో వంతు పెరిగిందని తేల్చారు. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే లాభం ఎక్కువట. ఒక బారు తీసేసినందుకు ఇంత ఫలితం!

2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగం ఇళ్లకి సైకిలుంది, ఛత్తీస్‌గఢ్‌లో నూటికి 70 ఇళ్లకి ఉంది. అయినా నల్ల సైకిలు తగ్గిపోతోంది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడు, అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం ఆగిపోయింది. పట్నంలో సైకిలు వ్యాయామ సామాను అయింది. బెండు పోయిన చక్రం విప్పి, 40 పుల్లలూ చేత్తో అల్లి, ఒక్కొక్కటీ వేలితో మీటి చప్పుడుని బట్టి బిగువు చూసే మేస్త్రులకి వారసుల్లేరు. ఇప్పుడు చక్రం పాడైతే చక్రమే మారుస్తారు. ఒక యంత్రాన్ని వాడే ఊరు దాని లోపలి లెక్క కూడా తెలుసుకుని ఉండే రోజులు పోవడం నాకు నిజంగా బాధ.

కుర్రాళ్లకి లావు టైర్ల సైకిళ్లు కావాలి. 1970లలో కాలిఫోర్నియా కొండల మీంచి సరదాగా దూకుతూ పోయేవాళ్లు కనిపెట్టిన రకం అది. రాళ్ల దారిలో పట్టు బాగుంటుంది, చూపుకి బలంగా ఉంటుంది. కానీ చాలావాటికి క్యారేజీ ఉండదు, మడ్‌గార్డు ఉన్నా బెత్తెడే. కొన్న కొన్నాళ్లకే వెల్డింగు షాపుకి తీసుకెళ్లి, ఇనప చువ్వలు కోయించి, వెనక క్యారేజీ అతికించుకుంటున్నారు. నెల తిరక్కుండా దాని మీద బియ్యం మూట ఎక్కుతుంది, లేదా చెల్లెలు ఎక్కి బడికి పోతుంది.