గోదావరీసీమయందుఁ గొలమానముల మార్పు

ప్రాచీనశాసనములఁ జదువువారికిఁ గుంచము, మానిక యనుమాటలు సుపరిచితములు. ద్రాక్షారామ భీమేశ్వరాలయశాసనములలో నఖండదీపమునకై గొఱ్ఱెల నిచ్చి, దినమునకు మానెఁడు నేయి పోయవలెనను ధర్మములు పెక్కులు గలవు. ఆమాటలే యిరువదవ శతాబ్ది నడుమవఱకును గడియము మొదలగు గోదావరీతీరగ్రామములలో వాడుకయం దుండెను.

నాలుగు గిద్దలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. నాలుగు మానికలు కుంచము. నాలుగు కుంచములు తూము. ఇరువది తూములు పుట్టి. తూఁకమునందు మూఁడు తులములు పలము. నలువది పలములు వీసె. ఎనిమిది వీసెలు మణుఁగు. ఈక్రమము నిలుకడగలదైనను గుంచపుఁ బరిమాణము సీమకొకటిగా నుండెడిది. గింజలు శిఖగా నిలుచునట్లు పోసి కొలుచుటకును, అంచునకు సమముగాఁ జదునుచేసి కొలుచుటకును భేద మెంతయో కలదు. కూలికి గింజలు గొనువాని కీభేదము కడుపునకు సంబంధించినది.

కిలోగ్రామునకు సమమైన తూఁకమునే సేరుగా నిర్ణయించిన 1871 నాఁటి చట్టము ఆచరణమునకు రాలేదు. 1939 నాఁటి చట్టము సేరునకు 80 తులము లనెను. మనసీమ సేరు 24 తులములే. పేరొకటి, తూఁకము వేఱు. తుదకు 1956లో మెట్రికుమానముల చట్టము వెలసెను. 1957 ఏప్రిలు 1న రూపాయికి నూఱు నయాపైసలు వచ్చెను. 1958 అక్టోబరు 1న గొన్ని ప్రాంతములయందును, గొన్ని వర్తకములయందును గిలోగ్రాము ప్రవేశించెను. 1962 ఏప్రిలు 1 నుండి యది తూఁకములయందు నిర్బంధ మయ్యెను. ఇంచుమించుగా 1.4 కిలోగ్రాముల వీసె సంతలనుండి క్రమముగాఁ దొలఁగెను.

ఇందు మాఱినది పరిమాణము మాత్రమే కాదు. ధాన్యమును గొలుచుట పోయి తూఁచుట వచ్చెను. బస్తా యనఁగా 75 కిలోగ్రాము లని యీసీమ వాడుక. శిఖను గూర్చిన తగవు సమసెను. దానిచోట గింజలోని తేమను గూర్చిన తగవు పుట్టెను.

చట్టమునకు లోఁబడనివియుఁ గలవు. కడియపుఁ బూలు కిలోలలెక్కను, మాలలు మూరలలెక్కను విక్రయింపఁబడుచున్నవి. పొలము నేఁటికిని ఎకరములు, సెంట్లే.

మఱికొన్ని పేర్లు నిలిచి, యర్థము మార్చుకొన్నవి. పూర్వపుఁ దులము 11.66 గ్రాములు, నేఁటి బంగారపు వర్తకమునఁ బది గ్రాములు. కావునఁ బాతపత్రములోని పదితులముల నగ 116 గ్రాములకుఁ బైమాట. నేఁటి పలుకుబడిలో నూఱు గ్రాములే. శాసనములను, దస్తావేజులను బరిశీలించువారును, పాఠము సెప్పు పండితులును, మాటను జూచి తూఁకమును నిర్ణయింపక, కాలదేశముల నడిగి నిర్ణయింపవలయును. లేనిచో దాత యిచ్చిన నేతిని మనమే తగ్గించినవార మగుదుము.