1493లో చెరకు ఎక్కిన ఓడ

బడి పాఠంలో కొలంబస్ 1492తో ఆగిపోతాడు. నేల కనిపిస్తుంది, జెండా పాతుతాడు, గంట కొడతారు. అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఆ పాఠం ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి నేను. చెరకు పండించే మా పిల్లలకు అంతకంటే ముఖ్యమైంది ఆ మరుసటేడు. 1493 సెప్టెంబరులో కొలంబస్ 17 ఓడలతో రెండోసారి బయలుదేరాడు. దారిలో కెనరీ దీవుల దగ్గర ఆగి చెరకు ఎక్కించుకున్నాడు. దాన్ని హిస్పానియోలా దీవిలో నాటించాడు. ఇప్పుడు హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్నది ఆ దీవిలోనే.

చెరకు విలువ అతనికి బాగా తెలుసు. 1478లో జెనోవా వర్తకుల తరఫున పంచదార కొనడానికి మదీరా దీవికి వెళ్లినవాడే. చెరకు రసం కాచి గడ్డకట్టించే విద్య మన దేశంలో పెరిగి, పర్షియా మీదుగా అరబ్బులకు, వాళ్ల నుంచి మధ్యధరా తీరానికి, అక్కణ్ణుంచి అట్లాంటిక్ దీవులకు చేరింది. ఆ ప్రయాణంలో చివరి మజిలీ అమెరికా. అక్కడే అది మనుషుల్ని తినడం మొదలుపెట్టింది.

అది ఎందుకో బెల్లం వండే ఇంట్లో పుట్టినవాడికి తొందరగా అర్థమవుతుంది. కోసిన చెరకు ఆగదు. ఒకటి రెండు రోజుల్లో గానుగకు పెట్టకపోతే తీపి పడిపోతుంది. తీసిన రసం ఇంకా ఆగదు, పూటలో పులుస్తుంది. అందుకే మా నాన్న పెనం దించేసరికి ఏ అర్ధరాత్రో అయ్యేది. ఒకరు పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తూ ఉండాలి, ఒకరు మడ్డి తీస్తూ ఉండాలి, పాకం చూసే మనిషి రెప్ప వేయకూడదు. పెనం వెనక పెనం, పగలూ రాత్రీ, మూడు నాలుగు నెలలు. పంట స్వభావమే అంత.

కరీబియన్ తోటల్లోనూ పంట ఇదే, తొందరా ఇదే. కానీ అక్కడ గానుగ పక్కన గొడ్డలి పెట్టుకునేవారు. నిద్రమత్తులో చెరకు అందిస్తున్న మనిషి చెయ్యి రోలర్ల మధ్య పడితే, ఒళ్లంతా లాగేసేలోగా ఆ చెయ్యి నరకడానికి. మా కళ్లాల్లో అంతా న్యాయంగా నడిచిందని నేను అనను. కూలి తక్కువే, పాలేర్లు అప్పుల్లోనే బతికారు. అయినా ఒంట్లో బాగాలేదన్న మనిషి ఇంటికి వెళ్లగలిగేవాడు. అక్కడ ఆ మనిషికి ఇల్లే లేదు, అతన్ని కొనుక్కొచ్చారు.

ముందు ఆ దీవి సొంత మనుషులు టైనోలు పోయారు. బంగారం గనుల చాకిరీ, ఆకలి, 1518 చివర్లో వచ్చిన మశూచి వాళ్లను తుడిచిపెట్టాయి. 16వ శతాబ్దం సగమయ్యేసరికి కొన్ని వందల మందే మిగిలారని స్పానిష్ వాళ్లే రాసుకున్నారు. ఆ ఖాళీని ఆఫ్రికా మనుషులతో నింపారు. మూడున్నర శతాబ్దాల్లో సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఓడలెక్కించారు. దిగినవాళ్లు 1 కోటి 7 లక్షలు. తక్కినవాళ్లు దారిలోనే చనిపోయారు. దిగినవాళ్లలో ఎక్కువమందిని చేర్చింది పంచదార పండే బ్రెజిల్‌కు, కరీబియన్ దీవులకే. చివరికి 1791 ఆగస్టులో, కొలంబస్ చెరకు నాటించిన ఆ దీవిలోనే, బానిసలు తోటలకు నిప్పు పెట్టారు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. నేను పాఠం చెప్పిన తేదీల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

అమెరికా నుంచి మనకు వచ్చినవీ ఉన్నాయి. మిరప, వేరుశనగ, మొక్కజొన్న, బొప్పాయి, పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన జీడిమామిడి. మాడుగుల హల్వాలో జీడిపప్పు ఆ దారినే వచ్చింది. చాలా ఇళ్లలో తద్దినం వంటకు ఇప్పటికీ మిరపకాయ తగలనివ్వరు, కారానికి మిరియాలే. పితరులకు కొలంబస్‌కు ముందరి వంటే పెడుతున్నామన్నమాట. పొగాకూ అక్కడిదే. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మన ఉత్తరాంధ్ర ఆడవాళ్ల అంగిట్లో పుట్టే క్యాన్సర్‌ను 1950ల్లోనే విశాఖ వైద్యులు గుర్తించి రాశారు.

కానీ ఈ కథ మన జిల్లా గుమ్మం తొక్కింది పంటలతో కాదు. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయింది. 2 కోట్ల పౌన్ల పరిహారం యజమానులకు ఇచ్చారు, బానిసలకు పైసా లేదు. తోటలకు మాత్రం చేతులు కావాలి. ఆ చేతుల కోసం మన తీరానికి వచ్చారు. 1843లో కోరంగి నుంచి ‘కొరింగా పాకెట్’ ఓడ మన కూలీలను మారిషస్ చెరకు తోటలకు తీసుకుపోయింది. మద్రాసు నుంచి ఓడలు బ్రిటిష్ గయానా, ట్రినిడాడ్ దాకా, అంటే కొలంబస్ తిరిగిన సముద్రం దాకా వెళ్లాయి. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ డర్బన్ రేవు చేరి నేటాల్ తోటలకు మొదటి భారతీయ కూలీలను దించింది. 1911 వరకు అక్కడికి వెళ్లినవాళ్లు 1,52,184 మంది. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. జిల్లా గడిలో విజగపటం అన్న మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అనకాపల్లి అప్పుడు ఆ జిల్లాలోదే.

ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడు జీతం నెలకు 10 షిల్లింగులు. ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోవాలంటే ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. 3 పౌన్లంటే మొదటేటి లెక్కన ఆరు నెలల జీతం. కట్టలేనివాళ్లు మళ్లీ ఒప్పందం రాసి తోటలోకే పోవాలి, లేదంటే ఓడెక్కి వెనక్కి రావాలి. చట్టం ఉద్దేశమూ అదే.

మా అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం మొదలైంది 1913లో. రైతుకు మంచి గడ ఎలా అందించాలా అని ఇక్కడ పని మొదలైన ఆ సంవత్సరమే, నేటాల్ తీరంలో చెరకు కోసే కూలీలు కత్తులు కింద పెట్టి ఆ 3 పౌన్ల పన్ను మీద సమ్మెకు దిగారు. మౌంట్ ఎడ్జ్‌కూంబ్ తోటలో పోలీసులు కాల్పులు జరిపారు, కూలీలు చనిపోయారు. మన గాంధీ సత్యాగ్రహ కథలో ఈ సమ్మెకు రెండు వాక్యాలే దక్కుతాయి. నాయకులు జైల్లో ఉండగా, తెలుగూ తమిళమూ మాట్లాడే వేలమంది తమంతట తామే తోటలు ఆపేశారు. 1914లో ఆ పన్ను రద్దయింది.