ఐర్లండు సభలో తామస్ జాన్సను

1922వ సంవత్సరము నవంబరు 17వ తేదీ ప్రాతఃకాలమున డబ్లిను నగరమందలి కిల్‌మేనమ్ కారాగారములో నలుగురు యువకులు సైనికుల తుపాకులకు బలియైరి. నలుగురును ఇరువదియేండ్లకు అటునిటుగా నున్నవారు. పేరు ప్రతిష్ఠలు లేని సామాన్యులు. అనుమతి లేకుండ రివాల్వరులు దగ్గఱ నుంచుకొనుటయే వారిపై మోపబడిన నేరము. వారిని విచారించినది సైనికన్యాయస్థానము. విచారణ జరిగినదనిగాని, శిక్ష విధింపబడినదనిగాని నగరవాసులకు ముందుగా దెలియదు. మొదట దెలిసినది మరణవార్తయే. ఆ దినముననే శాసనసభలో కార్మికపక్షనాయకుడగు తామస్ జాన్సను లేచి యీ మరణములనుగుఱించి మంత్రులను సమాధానమడిగెను. చంపినవారు పరదేశప్రభువులు కారు. చంపబడినవారును అడిగినవారును సమాధానము చెప్పవలసినవారును నొక్క స్వాతంత్ర్యోద్యమపు ఛాయలోనివారే. ఆ ప్రశ్నకు గల బరువంతయు నందే యున్నది.

ఈ స్థితి యెట్లు వచ్చెనో కొంచెము చెప్పవలసియున్నది. 1921 డిసెంబరులో నింగ్లండుతో జరిగిన సంధివలన ఐర్లండులోని 26 జిల్లాలకు స్వపరిపాలన లభించెను గాని పూర్ణస్వాతంత్ర్యము లభింపలేదు. రాజునకు విధేయతాప్రమాణము మిగిలెను. దీనిని దొరకినంత మేలని గ్రహింపవలెనని కొందఱును, ఇది గణతంత్రమునకు ద్రోహమని కొందఱును పట్టుపట్టిరి. 1922 జూను ఎన్నికలలో 128 స్థానములకుగాను సంధిపక్షమువారికి 58, సంధిని నిరాకరించినవారికి 36, కార్మికపక్షమునకు 17 వచ్చెను. కార్మికపక్షము నిలిపినవారు 18 మందియే. అందొక్కడు మాత్రమే యోడిపోయెను. నెల తిరుగకుండనే అంతర్యుద్ధము ప్రారంభమాయెను. ఆగస్టులో పది దినముల వ్యవధిలో ఆర్థర్ గ్రిఫిత్తు జబ్బుచేసి మరణించెను. మైకేల్ కాలిన్సు పొంచియున్నవారి తుపాకులకు గూలెను. కాస్‌గ్రేవ్ ప్రభుత్వాధ్యక్షుడాయెను, మల్కాహి సైన్యమును, కెవిన్ ఓహిగిన్సు స్వదేశవ్యవహారములను చేపట్టిరి. ఓహిగిన్సునకు అప్పటికి ముప్పదియేండ్లు. సెప్టెంబరు 9న డాయిల్ అనబడు నా సభ కూడినప్పుడు సంధివిరోధులు తమ స్థానములకు రాలేదు. వారు కొండలలో తుపాకులు పట్టియో కారాగారములలోనో యుండిరి. సభలో నిక ప్రతిపక్షమనదగినది కార్మికపక్ష మొక్కటియే.

జాన్సను పుట్టుకచే ఐర్లండువాడు కాడు. 1872లో లివర్‌పూలు నగరమున జన్మించిన ఆంగ్లేయుడు. చేపల వర్తకుని కొలువులో ఐర్లండు తీరమునకు వచ్చిపోవుచు, పిమ్మట బెల్‌ఫాస్టులో స్థిరపడి, వ్యాపారసంస్థ పనిమీద ఊరూర దిరుగుచు, కార్మికోద్యమములో నెదిగెను. 1918లో నిర్బంధసైనికసేవకు విరుద్ధముగా జరిగిన సమ్మెను నడపినవారిలో నొకడు. 1919 జనవరిలో మొదటి డాయిల్ ప్రకటించిన ప్రజాస్వామికకార్యక్రమమునకు మొదటి చిత్తు వ్రాసినవా డితడే. ఇతరులు దానిలోని కారమును కొంత తగ్గించిరి. ఇతడు గొప్ప వక్త కాడు. స్వరమున నావేశము తక్కువ, వివరము ఎక్కువ. లెక్కలును చట్టముల సెక్షనులును ముందుంచుకొని, న్యాయవాదివలె గాక నాణెమైన గుమాస్తావలె మాటాడువాడు. ఆంగ్లేయుడని యతనిని వెక్కిరించినవారు లేకపోలేదు. ఆ వెక్కిరింపువలన ప్రశ్నకు జవాబు వచ్చినట్లు గాదు గనుక నతడు మరల నడుగుచునే యుండెను.

చదువరులలో ప్రశ్నోత్తరముల పద్ధతి యెఱుగనివా రుండరు. మన దేశమున 1892 చట్టముతో శాసనసభ్యులకు ప్రశ్నించు హక్కు వచ్చెను. కాని వచ్చిన జవాబుపై మరల ప్రశ్న వేయరాదు. అనుబంధప్రశ్నకు అనుమతి 1909లో గాని లభింపలేదు, అదియు మొదట నడిగినవానికే. ఈ రెండవ ప్రశ్నయే మంత్రికి గడ్డుది. మొదటి ప్రశ్నకు కార్యాలయమువారు జవాబు వ్రాసి యిత్తురు. రెండవదానికి మంత్రి తన బుద్ధిని, తన మనస్సాక్షిని తోడు తెచ్చుకొనవలెను. 17 మంది గల పక్షము ఓటుతో నే మంత్రివర్గమును కదలింపలేదు. జాన్సను చేతిలో నున్న ఆయుధ మీ రెండవ ప్రశ్నయే.

సెప్టెంబరు చివర ప్రభుత్వము సైన్యమునకు ప్రత్యేకాధికారములు కోరుచు తీర్మానము తెచ్చెను. అనుమతి లేని ఆయుధము దొరకినంతమాత్రమున సైనికన్యాయస్థానము మరణశిక్ష విధింపవచ్చునను నధికార మందున్నది. కార్మికపక్షము దానిని వ్యతిరేకించెను. అయినను జాన్సను తిరుగుబాటుదారులను సమర్థింపలేదు. రైలుమార్గములను తెగగొట్టుటయు, వంతెనలు కూల్చుటయు, ఇండ్లు తగులబెట్టుటయు కార్మికుని పొట్టకొట్టుటయే యని యతని పక్షము గట్టిగా నమ్మెను. ఇందువలన నతని స్థితి చిత్రమైనది. ప్రభుత్వము దృష్టిలో నతడు తిరుగుబాటునకు మెత్తదనము చూపువాడు. తిరుగుబాటుదారుల దృష్టిలో సంధిసభలో గూర్చుండి దానికి మర్యాద కల్పించువాడు. ఇరువురికిని గానివాని ప్రశ్నను ద్రోహి ప్రశ్నయని త్రోసివేయుటకు వీలులేకపోయెను.

నవంబరు 17న వచ్చిన జవాబులో ఓహిగిన్సు పలికిన మాట లొకవిధముగా భయంకరములు. మొట్టమొదట నొక పెద్ద నాయకుని చంపియుండినచో, నాయకుడు గనుక చంపిరనియో, ఆంగ్లేయుడు గనుక చంపిరనియో లోకము చెప్పుకొనవచ్చును గాన, సామాన్యులతో ప్రారంభించుటయే మేలని దాని భావము. ఆంగ్లేయుడను మాట యెవరికి తగులునో సభలో నందఱికిని దెలియును. సంధిచర్చలలో ఐర్లండు ప్రతినిధివర్గమునకు కార్యదర్శియై, పిదప సంధిని త్రోసిపుచ్చిన ఎర్స్కిన్ చైల్డర్సు అప్పటికే పట్టుబడి విచారణలో నుండెను. అతనియొద్ద దొరకినదొక చిన్న పిస్తోలు. కాలిన్సే దాని నతనికి కానుకగా నిచ్చెనని చెప్పుదురు. ఉన్నతన్యాయస్థానమున నతని పక్షమున వేసిన దరఖాస్తు త్రోసివేయబడి, పై విచారణ యింకను మిగిలియుండగనే నవంబరు 24న అతనిని కాల్చి చంపిరి. న్యాయస్థానము తలుపు మూయకమునుపే శిక్ష నెఱవేర్చుట యెట్టి న్యాయమను ప్రశ్న కార్మికులది మాత్రమే కాదు. సంధిపై సంతకము చేసిన అయిదుగురిలో నొకడగు గావన్ డఫీ కూడ నీ మరణదండనములను సభలో నాక్షేపించెను.

నవంబరు చివర తిరుగుబాటుసేనాధిపతి లియమ్ లించి, ఆ ప్రత్యేకాధికారములకు ఓటు వేసిన సభ్యులను కాల్చివేయుడని యాజ్ఞ యిచ్చెను. డిసెంబరు 6న ఐర్లండు స్వేచ్ఛారాజ్యము చట్టప్రకారముగా నవతరించెను. మనుష్యుని స్వేచ్ఛ అలంఘ్యమనియు, చట్టానుసారముగా దప్ప దాని నెవరును హరింపరాదనియు చెప్పు ఆఱవ అధికరణముతోడి రాజ్యాంగము నాడే యమలులోనికి వచ్చెను. మఱునాడు పట్టపగలు డబ్లినులో సీన్ హేల్సు అను సభ్యుడు కాల్చి చంపబడెను; ఉపసభాపతి ఓమాలి గాయపడెను. డిసెంబరు 8 ఉదయమున మౌంట్‌జాయ్ కారాగారములో రోరి ఓకానరు, లియమ్ మెలోసు, జో మెకెల్వి, రిచర్డు బారెట్టు అను నలుగురు నాయకులను ప్రభుత్వము కాల్చి చంపించెను. వారు జూను నెలాఖరున పట్టుబడినవారు. అయిదుమాసములుగా ప్రభుత్వపు చెఱలో నున్నవారు హేల్సు హత్య నెట్లు చేసియుందురు? ప్రత్యేకాధికారముల తీర్మానమే వారు పట్టుబడిన మూడు మాసములకు పుట్టినది. వారిపై విచారణయే లేదు. హత్యకు ప్రతీకారముగను, ఇతరులకు గట్టి హెచ్చరికగను ఈ పని జరిగినదని ప్రభుత్వము తన ప్రకటనలోనే యొప్పుకొనెను.

ఆ నాటి సభాచర్చ ఐర్లండు శాసనసభాచరిత్రమున మఱపురానిది. హేల్సు వారందఱికి నాప్తుడు. సభ్యులలో ననేకులు తమ వంతు రేపో మాపో యని భయపడుచుండిరి. అట్టి సభలో నిలిచి, రెండు దినముల క్రింద చట్టమును కాపాడుదుమని ప్రమాణము చేసినవారు నేడు చట్టము లేకయే మనుష్యులను చంపిరని చెప్పుట సులభము కాదు. జాన్సను చెప్పెను. మీ రక్షణలో నుంచబడినవారిని మీరే చంపితిరనియు, ఈ క్రొత్తరాజ్యమును పురిటిలోనే చంపితిరని చెప్పవలసి వచ్చుచున్నదనియు నతడు నిలదీసెను. తీవ్రవాక్యములు వాడుట యతని స్వభావము కాదు. ఆ దినమున వాడెను.

ప్రభుత్వపు వాదమును తేలికగా చూడరాదు. సభ్యులను వరుసగా చంపుదుమన్న వారి యెదుట సభ నిలువవలె నన్న వేఱు దారి లేదని మంత్రులు నమ్మిరి. భయము పుట్టించువారికి భయమే మందని కాస్‌గ్రేవ్ వాదించెను. ఆ తరువాత సభ్యుల నట్లు చంపుట యాగిపోయినది గనుక మంత్రుల మాటయే నిజమాయెనని చెప్పు చరిత్రకారులును గలరు. ఇది నాకు సమ్మతము కాదు. ఒకని నేరమునకు మఱియొకని చంపుట ఫలించినదా లేదా యనునది జాన్సను ప్రశ్న కాదు. ఆ పనికి అధికార మెక్కడిదని యతడడిగెను. దానికి ఆ దినమున నెవ్వరును చట్టము చూపి జవాబు చెప్పలేదు.

వ్యక్తిగతమగు పగయని యెవరో యన్నపుడు ఓహిగిన్సు లేచి మాటాడబోయి, చంపబడినవారిలో నొకడు తనకు మిత్రుడని చెప్పి, గొంతు పూడుకొనిపోయి కూర్చుండెను. 1921 అక్టోబరులో జరిగిన యతని వివాహమున వరునిప్రక్క తోడుగా నిలిచినవాడు రోరి ఓకానరే! 1923 ఫిబ్రవరిలో తిరుగుబాటుదారులు ఓహిగిన్సు తండ్రిని ఇంటియొద్దనే చంపిరి. 1927 జూలైలో, ఆదివారమున దేవాలయమునకు నడచిపోవుచుండగా, ఓహిగిన్సునే చంపిరి.

1923 మే నాటికి యుద్ధము ముగిసెను. ప్రభుత్వము చంపించినవారు 77 గురని లోకప్రసిద్ధి; తరువాతి పరిశోధకుల లెక్క 80 దాటినది. పిమ్మట జాన్సను ప్రశ్నలు కూటికిని గూటికిని తిరిగెను. 1924లో ఆర్థికమంత్రి బ్లైత్ వృద్ధుల పింఛనులో వారమున కొక షిల్లింగు తగ్గించి పదిని తొమ్మిది చేసినప్పుడు అతడు తీవ్రముగ నెదిర్చెను. ఆ యేడే నిరుద్యోగచర్చలో మెక్‌గిల్లిగన్ అను మంత్రి, ఈ దేశమున జనులు ఆకలిచే మరణింపవలసి యుండవచ్చునని పలికి చిరకాలాపకీర్తి పొందెను. కార్మికపక్షము లేచి యడుగకున్నచో నిట్టి మాటలు మంత్రుల నోట వెలువడి యధికారపత్రములలో నచ్చుపడి యుండెడివి కావు.

1927 ఆగస్టులో జాన్సను అధికారమును దాదాపు తాకివచ్చెను. డి వలేరా పక్షమువారు అయిదేండ్ల తరువాత సభ ప్రవేశించిరి. వారి మద్దతుతో జాన్సను అవిశ్వాసతీర్మానము తెచ్చెను. ఆగస్టు 16న ఓట్లు 71కి 71 సమానములయ్యెను. స్లైగోనుండి వచ్చిన జింక్సు అను ప్రతిపక్షసభ్యుడు ఆ ఓటు సమయమునకు సభలో లేడు. సభాపతి తన ఓటుతో ప్రభుత్వమును నిలిపెను. జింక్సు ఎందుకు లేచిపోయెనో అనుదానిపై నాటినుండి కథలు పెక్కు పుట్టినవి. వెనువెంటనే సెప్టెంబరులో జరిగిన యెన్నికలలో జాన్సను ఓడిపోయెను. కార్మికుల ఓట్లను లార్కిను వర్గమువారు చీల్చుట యందుకు ముఖ్యకారణము. తరువాత 1936 వఱకు పెద్దల సభలో నుండి, 1963లో మరణించెను.

ఇతని సమకాలమున డబ్లినులో నొక తెలుగు విద్యార్థి యుండెనని చదువరులకు గుర్తుచేయవచ్చును. బరంపురమునుండి 1913లో న్యాయశాస్త్రము చదువబోయి, 1916 ఈస్టరు తిరుగుబాటు తరువాత ఆ దేశము విడువవలసివచ్చిన వరాహగిరి వేంకటగిరిగారే అతడు. అక్కడి కార్మికోద్యమము తన్ను మార్చినదని గిరిగారు స్వయముగా చెప్పుకొనిరి; మరలివచ్చి రైల్వేకార్మికుల సంఘములు నిర్మించిరి.

1948లో ఐర్లండున పలుపక్షములు కలసి ప్రభుత్వ మేర్పఱచు సమయము వచ్చినపుడు, పెద్దపక్షమునకు నాయకుడు గనుక మల్కాహి ప్రధాని కావలసియుండెను. 1922 నాటి మరణదండనములు జ్ఞాపకమున్నవారు అతని నాయకత్వమున కూర్చుండమనిరి. మల్కాహి వాదింపలేదు, జాన్ కాస్టెల్లో ప్రధాని కాగా తాను విద్యామంత్రియై యతని క్రింద పనిచేసెను. ఆ మంత్రివర్గమున కార్మికపక్షమువారును గలరు. జాన్సనునకు అప్పటికి డెబ్బదియైదేండ్లు.