డబ్బు పాఠాలు చెప్పేవారిని నమ్మేముందు

అగ్రిగోల్డ్ డిపాజిట్ల దెబ్బ గోదావరి జిల్లాల పేదలకు ఇంకా గుర్తే. అప్పుడు ఊళ్లో ఏజెంటు మాట నమ్మారు. ఇప్పుడు ఆ స్థానంలో యూట్యూబ్ గురువులున్నారు. షేర్ మార్కెట్ కోర్సులు అమ్మిన ‘బాప్ ఆఫ్ చార్ట్’ నిర్వాహకులకు చెందిన రూ.17.2 కోట్లను జప్తు చేయాలని 2023 అక్టోబరులో సెబీ ఆదేశించింది. ఫాలోవర్ల సంఖ్య అర్హత కాదు.

పాఠం చెప్పడానికి సెబీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఫీజు తీసుకుని ఫలానా షేరు కొనమంటే తప్పనిసరి. సలహాదారు నంబరు ఐఎన్‌ఏతో, రీసెర్చ్ అనలిస్టుది ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. దాన్ని సెబీ వెబ్‌సైట్‌లో పేరుతో సరిచూడాలి. నంబరున్నా సరే, లాభానికి గ్యారంటీ ఇచ్చేవారిని వదిలేయండి. అలా ఇవ్వడం నిబంధనలకే విరుద్ధం.

అయినా వడ్డీకి అప్పు తెచ్చి చదివిస్తున్న ఇంటికి షేర్లు మొదటి పాఠం కాదు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతమని, ముందు అది తీర్చమని చెప్పే గురువును వెతకండి. అలాంటివారి దగ్గర అమ్మడానికి కోర్సు ఉండదు.